కాటా స్లిప్పుల తారీఖులన్నీ ఒక్కటైపోయినయ్: పైథాన్‌ల టైమ్‌స్టాంపులు, పర్మిషన్లు

మా బావ మిర్యాలగూడల ఒక రైస్ మిల్లుల లెక్కలు జూస్తడు. యాసంగి వడ్ల కాటా స్లిప్పులు స్కాన్ చేసి పెట్టుకున్న ఫోల్డర్‌ను కొత్త లైనక్స్ సిస్టంలకు ఎక్కియ్యమంటే నేను పైథాన్‌ల నాలుగు లైన్లు రాసి కాపీ కొట్టిన, తెల్లారి ఫోన్ జేసి "ఏంది బామ్మర్ది, స్లిప్పులన్నీ నిన్ననే వచ్చినట్టు సూపిస్తుంది" అన్నడు.

తప్పు నాదే. పైథాన్‌ల ఫైళ్లు కాపీ చేసే షూటిల్ (shutil) మాడ్యూల్‌ల కాపీ, కాపీ2 అని రెండుంటయ్, కాపీ పర్మిషన్లు (ఫైల్‌ను ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు అన్నది) తీస్కపోతది గని టైం తీస్కపోదు, కాపీ2 రెండూ తీస్కపోతది, నేను వాడింది ఉత్త కాపీ. పాత ఫైళ్లు ఉంటే కాపీ2తోని మళ్ల కొట్టుకోండ్రి, అయిపాయె. నేనైతే పాత సిస్టం అప్పటికే ఫార్మాట్ కొట్టేసిన!

ఇగ మిగిలింది ఓఎస్ (os) మాడ్యూల్‌ల యుటైం (utime), ఫైల్ మీద టైం మనమే పెట్టే ఫంక్షన్ అది. మా స్లిప్పుల పేర్లల్లనే తారీఖు ఉండె, దాన్ని డేట్‌టైంతోని చదివి, 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టే సెకన్లుగ మార్చి యుటైంకు ఇచ్చిన. అది రెండు నంబర్లు అడుగుతది, మొదటిది ఫైల్ చదివిన టైం, రెండోది మార్చిన టైం, మనకు పనికొచ్చేది రెండోదే. ఫైల్ల ఏమన్న రాసేదుంటే రాసి క్లోజ్ చేసినంకనే యుటైం కొట్టాలె, లేకుంటే మళ్ల ఇయ్యాల్టి టైమే పడ్తది. సీటైం (ctime) అని ఇంకోటుంటది, అది ఫైల్ పుట్టిన టైం అనుకుంటరు గని లైనక్స్‌ల పర్మిషన్లు గిట్ట మారినప్పుడు పడే టైం అది, యుటైంతోని దాన్ని మనకు నచ్చినట్టు పెట్టుకోలేం.

పర్మిషన్లు మార్చేతందుకు అదే ఓఎస్ మాడ్యూల్‌ల సీహెచ్‌మాడ్ (chmod). 4 చదువుడు, 2 రాసుడు, 1 నడుపుడు, వీటిని కూడుకుంట పోవాలె: ఓనర్‌కు 6 (4+2), గ్రూపుకు 4, మిగిలినోళ్లకు 4, మొత్తం 644. పైథాన్‌ల ఉత్త 644 రాస్తే మాత్రం కొంప మునుగుతది, మామూలు అంకె అనుకొని ఆక్టల్‌ల (ఎనిమిది అంకెల లెక్కల) 1204 పెడ్తది, చివరి మూడంకెలల్ల 2 ఓనర్‌ది, 0 గ్రూపుది, 4 బయటోళ్లది, అంటే ఓనర్ తన ఫైల్ తనే చదవలేడు, బయటోడు చదువుకోవచ్చు. ముందల సున్నా, దాని పక్కకు ఇంగ్లీష్ చిన్న ఓ అక్షరం పెట్టి 644 రాయాలె, అంటే 0o644. ఫోల్డర్లకు 755 పెట్టుండ్రి, ఫోల్డర్‌కు ఆ 1 లేకుంటే లోపలికే పోలేం. విండోస్‌ల ఇవేం నడవయ్, రీడ్ ఓన్లీ ఒక్కటే మారుతది.

ఫైల్‌కు 444 పెడితే డిలీట్ కాదని బావ నమ్మకం. డిలీట్ అయితది, ఎందుకంటే అది ఫోల్డర్ పర్మిషన్ మీద ఉంటది. గందుకే పాత స్లిప్పుల ఫోల్డర్‌కే 555 పెట్టిచ్చిన, కొత్త స్లిప్ ఎయ్యాలంటే జరసేపు 755 చేస్కుంటడు.