జ్ఞాపక సాధన – 4వ పాఠం: నక్షత్రం, మళ్ళీ

పోయిన పాఠంలో, జంట గీతల నక్షత్రం బొమ్మను అద్దంలోనే చూస్తూ ఆ రెండు గీతల మధ్య పెన్నుతో గీయమన్నాను. అందుకు వారమంతా తిట్లే. "మాస్టారూ, మూల తిరిగే చోట పెన్ను మొరాయిస్తోంది. మా చిన్నది మాత్రం టకటకా గీసేసింది" అని గాజువాక నుంచి ఒకాయన రాశారు. ఆ పిల్ల అద్దంలోకి చూడలేదండీ, నేరుగా కాగితం చూసి గీసింది. తప్పు నాదే. చేతికి, కళ్ళకి మధ్య నోట్‌బుక్ అడ్డం పెట్టాలని చెప్పలేదు. పెన్సిల్ వద్దు, బాల్‌పెన్నే వాడండి. చెరిపే ఆశ ఉండదు.

జ్ఞాపకశక్తి పాఠాల్లో బొమ్మలెందుకని సీతమ్మధార నుంచి ఇంకొకరు. చెబుతాను.

1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ళ కుర్రాడికి మూర్ఛ తగ్గించాలని స్కోవిల్ అనే సర్జన్ మెదడు ఆపరేషన్ చేశాడు. రెండువైపులా హిప్పోక్యాంపస్ (కొత్త జ్ఞాపకాలు దాచడంలో తోడ్పడే మెదడు భాగం) ముందుభాగం, చుట్టుపక్కల కణజాలం తీసేశాడు. మూర్ఛ చాలావరకు తగ్గింది. కానీ అప్పుడే మాట్లాడిన మనిషి బయటికెళ్ళి తిరిగొస్తే హెన్రీకి కొత్త మనిషే.

బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అతని చేత ఇదే నక్షత్రం మూడు రోజులు గీయించింది. రోజురోజుకీ తప్పులు తగ్గాయి. చివరికి చక్కగా గీసి, ఇది అనుకున్నంత కష్టంగా లేదే అని ఆశ్చర్యపోయాడు. ముందు గీసిన సంగతే గుర్తులేదు! చేతికి పట్టుబడే విద్య దారి వేరు, జరిగింది గుర్తుండే దారి వేరు అని అలా తేలింది.

నాకు చిర్రెత్తేది ఇక్కడే. "ఓహో, గతం మర్చిపోయాడన్నమాట" అంటారు. తలకి దెబ్బ తగిలిన సినిమా హీరో కాదండీ! తన పేరు తెలుసు, అమ్మానాన్నలు తెలుసు, చిన్నప్పటి కబుర్లు చెప్పేవాడు. కాసేపు పట్టి ఉంచుకోవడమూ వచ్చు. 584 గుర్తుపెట్టుకోమంటే, అంకెలు కూడితే 17, అందులో 8 తీసేస్తే 9, దాన్ని విడగొడితే 5, 4 అని లెక్కేసుకుంటూ పావుగంట ఆపాడు. దృష్టి మళ్ళిన కాసేపటికే అంకెతోపాటు, అంకె ఇచ్చారన్న సంగతీ పోయింది. కొత్తగా జరిగినది గుర్తుగా దాచుకోవడమే అతనికి పోయింది.

ద్వారకానగర్ కోచింగ్ పిల్లలు పేజీని పదిసార్లు పైకి చదివి "వచ్చేసింది సార్" అంటారు. అది 584 రావడమే. పుస్తకం మూసి, టీ తాగొచ్చి, అప్పుడు చెప్పు నాయనా.

అభ్యాసం: రోజుకు పదిసార్లు, మూడు రోజులు. గీత దాటిన చోట్లు లెక్కపెట్టి కాగితం మూల అంకె వేయండి. తర్వాత వారం ముట్టుకోవద్దు. ఆ వారం దాటాక ఎనిమిదో రోజు ఒక్కసారి గీసి, మొదటి అంకెతో పోల్చండి. కాగితాలన్నీ దాచండి, 5వ పాఠంలో ఎడమచేత్తో గీయిస్తాను.