వారంటీ దాటిన లగ్జరీ కారుతో వేసవి ప్రయాణమా? ముందు కూలెంట్ సంగతి చూడండి

గత ఆదివారం మా షెడ్డుకు రికవరీ వ్యాను మీద ఒక జర్మన్ సెడాన్ వచ్చింది. ఏడేళ్ల పెట్రోలు బండి, తిరిగింది 68,000 కిలోమీటర్లు, ఒంటి మీద ఒక్క గీత లేదు. విజయవాడలో పెళ్లికని హైదరాబాదు నుంచి బయలుదేరిన ఆ కుటుంబానికి నకిరేకల్ దాటాక కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గిందని పసుపు గుర్తు, కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర ఇంజిన్ వేడెక్కిందని ఎర్ర గుర్తు కనిపించాయి. ముహూర్తం దాటిపోతుందన్న తొందరలో, సూర్యాపేటలో టిఫిన్‌కు ఆగినప్పుడు చూసుకుందామని అలాగే నడిపారు. టిఫిన్ అయితే చేశారు గానీ ఇంజిన్ మళ్లీ స్టార్ట్ కాలేదు. మేము విప్పి చూస్తే మొదట పగిలింది బొటనవేలంత ప్లాస్టిక్ గొట్టం మూతి. అదే సమయానికి మార్చి ఉంటే కొన్ని వేలతో పోయేది. వంగిపోయిన సిలిండర్ హెడ్ (ఇంజిన్ పై భాగం), దాని కింద పోయిన గాస్కెట్ (సీలు), కూలి అన్నీ కలిపి వేసిన అంచనా ఆరు లక్షలు దాటింది. కంపెనీ వారంటీ ఎన్నడో ముగిసింది.

టైర్లలో గాలి, ఆయిల్ మార్పు వంటివి మీకు తెలిసినవే కనుక వాటి జోలికి పోవడం లేదు. వారంటీ దాటిన కార్ల యజమానులను నేను చూసినంతలో నిలువునా ముంచుతున్నది ఒక్కటే: ఎర్ర గుర్తు వెలిగాక కూడా "ఇంకెంత, పది కిలోమీటర్లే కదా" అని నడపడం.

ఈ ఇంజిన్ల హెడ్ అల్యూమినియంతో చేసినది. కూలెంట్ వ్యవస్థ ప్రెషర్ కుక్కర్ లాగా ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి, అందులోని ద్రవం నూరు డిగ్రీలు దాటినా మరగకుండా వేడిని మోసుకుపోతుంది. ఎక్కడో ఒకచోట పగులు రాగానే ఆ ఒత్తిడి పోతుంది, ద్రవం మరిగి బయటికి తన్నుకొస్తుంది, కొద్ది నిమిషాల్లోనే హెడ్ వంగిపోవచ్చు. ఆ ద్రవం మోసే గొట్టాల మూతులు, ట్యాంకు, వేడిని బట్టి కూలెంట్ పారుదలను అదుపు చేసే థర్మోస్టాట్ డబ్బా చాలా కార్లలో ప్లాస్టిక్‌వే. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి అవి అప్పడంలా పెళుసెక్కుతాయి. తక్కువ తిరిగిన బండి కదా అని ధీమా పడకండి, ప్లాస్టిక్‌కు వయసు కూడా లెక్కే.

మీటరు సూదిని మరీ నమ్మకండి. ఆడి, ఫోక్స్‌వాగన్ కార్లలో చాలావాటికి ఇంజిన్ వేడి 75 డిగ్రీల నుంచి 105 డిగ్రీల వరకు ఎంత మారినా సూది 90 దగ్గరే నిలబడేటట్టు తయారుచేశారు. పలు బీఎండబ్ల్యూ మోడళ్లలో కూలెంట్ సూదే లేదు. కాబట్టి తెర మీద ఎర్ర గుర్తు వచ్చిందంటే ప్రమాదం ముంచుకొస్తోందని కాదు, వచ్చేసిందని అర్థం. హీటరు పెడితే చల్లగాలి వస్తోందంటే లోపల ద్రవం దాదాపు ఖాళీ అయినట్టే.

ఇన్సూరెన్స్ ఉంది కదా అనకండి. మామూలు మోటారు పాలసీ యాంత్రిక లోపాలకు డబ్బు ఇవ్వదు. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉన్నా, హెచ్చరిక వచ్చాక నడిపితే జరిగిన నష్టాన్ని సాధారణంగా తోసిపుచ్చుతారు. ఆ హెచ్చరిక ఎన్ని కిలోమీటర్ల దగ్గర వచ్చిందో చాలా కార్ల కంప్యూటరులో నమోదై ఉంటుంది, మీరు వాదించి గెలవలేరు. కంపెనీ వారంటీ ఇంకా నడుస్తున్నవారు మాత్రం అది ముగిసే తేదీని ఇవాళే చూసుకోండి. పొడిగింపును ఆ తేదీలోపే కొనడం తేలిక. తరువాత తనిఖీలు, పేచీలు మొదలవుతాయి, కొన్నిచోట్ల అసలు ఇవ్వరు.

దూర ప్రయాణానికి వారం ముందు, తెల్లవారి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి ట్యాంకులో మట్టం చూడండి. గొట్టాల అతుకుల దగ్గర గులాబీ రంగులోనో నీలం రంగులోనో ఎండిన పొలుసు ఉంటే అది కారుతున్నట్టే. ఆగిన బండి దగ్గర తీయటి వాసన వస్తే అదీ కారుతున్నట్టే. షెడ్డులో ప్రెషర్ టెస్టు చేయించండి, గంట పని. 2005 తరువాత వచ్చిన బీఎండబ్ల్యూ పెట్రోలు ఇంజిన్లలో పలు రకాలకు వాటర్ పంపు కరెంటుతో తిరుగుతుంది. అది చుక్క కూడా కారకుండా ఒక రోజు హఠాత్తుగా ఆగిపోతుంది కాబట్టి, లక్ష కిలోమీటర్లు దగ్గరపడుతుంటే పాడయ్యేదాకా చూడక మార్చేయడమే మేలు.

కూలెంట్‌లో బోరు నీళ్లు పోయకండి. కారు పుస్తకంలో రాసిన రకం తప్ప రంగు ఒకటే కదా అని మరొకటి కలపకండి. పగిలిన ట్యాంకుకు ఎంసీల్ పూయనివ్వకండి. ఎండలు ఎక్కువని థర్మోస్టాట్ పీకేస్తానన్న మెకానిక్ దగ్గర నుంచి బండి తాళాలు తీసుకుని వచ్చేయండి.

గేర్‌బాక్స్ ఆయిల్ జీవితకాలం వస్తుందన్న మాట పట్టుకుని కూర్చోకండి. పలు లగ్జరీ కార్లకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ సంస్థే తన గేర్‌బాక్సుల ఆయిల్‌ను 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటోంది. ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగులకు బదులు గాలి సంచులు) ఉన్న బండి పొద్దున్నే ఒక మూల కుంగి కనిపిస్తే ఆ వారమే చూపించండి, ఆలస్యం చేస్తే వాటికి గాలి కొట్టే కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుంది, అప్పుడు బిల్లులు రెండు. రన్‌ఫ్లాట్ టైరు గాలి పోయాక 80 వేగంతో 80 కిలోమీటర్లు, అంతే. వేప చెట్టు కింద పెట్టే బండికి వానలు రాకముందే సన్‌రూఫ్ కాలువలు శుభ్రం చేయించండి. బ్యాటరీ మార్చినప్పుడు కంప్యూటరులో నమోదు చేయాలా అని అడగండి. బిల్లులు పారేయకండి.

ఇవన్నీ మరచినా సరే, ఎర్ర గుర్తు వెలిగితే ఆపండి. ముహూర్తమున్నా ఆపండి. వెంటనే ఎడమకు తీసి ఇంజిన్ కట్టేయండి. మూత విప్పకండి, ముఖం మీదికి ఆవిరి తన్నుతుంది. పైన నీళ్లు గుమ్మరించకండి. కాస్త చల్లారింది కదా అని మళ్లీ స్టార్ట్ చేయకండి. జాతీయ రహదారి మీద ఉంటే 1033కు ఫోన్ చేయండి, బండిని రికవరీ వ్యాను మీదే కదిలించండి. మీరు బస్సెక్కి పెళ్లికి వెళ్లండి.