“మేమే కాల్ చేస్తాం” అన్నాక ఏం చేయాలి? టెక్ సపోర్ట్ ఇంటర్వ్యూ తర్వాతి రోజులు

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో వాక్-ఇన్. పొద్దున తొమ్మిదింటికి వెళ్లి టోకెన్ తీసుకుంటే హెచ్‌ఆర్ రౌండ్, వెర్సాంట్ పరీక్ష (మాట్లాడే ఇంగ్లీషును కంప్యూటరే అంచనా వేసేది), టెక్నికల్, ఆపరేషన్స్ మేనేజర్ రౌండ్ అన్నీ అయ్యేసరికి సాయంత్రం ఐదవుతుంది. “ఓకే, మేమే కాల్ చేస్తాం” అంటారు. ఆ రాత్రి నుంచి ఫోన్ చేతిలోంచి దిగదు.

నేనూ అలాగే సర్వీస్ డెస్క్‌లో ఎల్1గా, అంటే సపోర్ట్‌లో మొదటి మెట్టులో, చేరినవాణ్నే. ఇప్పుడు టేబుల్‌కి అవతల కూర్చుని ఫ్రెషర్లను చూస్తున్నాను. రెండు వైపులా కూర్చున్నాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఆ నిశ్శబ్దంలో చాలాసార్లు మీ గురించిన తీర్పేమీ ఉండదు, సీట్ల లెక్క ఉంటుంది. సపోర్ట్ ప్రాసెస్‌లో (ఒక క్లయింట్‌కి చేసే పనిని ప్రాసెస్ అంటారు) మనుషుల్ని ఒక్కొక్కరిగా తీసుకోరు, బ్యాచ్‌గా తీసుకుంటారు. ఇరవై మందితో ట్రైనింగ్ మొదలవ్వాలంటే క్లయింట్ తేదీ ఇవ్వాలి, హెడ్‌కౌంట్‌కి అప్రూవల్ రావాలి, ట్రైనర్ ఖాళీగా ఉండాలి. వీటిలో ఒక్కటి ఆగినా ఇరవై మంది ఇళ్లలో ఫోన్లు మోగవు. పైగా ఆఫర్ తీసుకుని చేరే రోజున రానివాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. అందుకని హెచ్‌ఆర్‌వాళ్లు కొందరిని అవుననకుండా, కాదనకుండా పక్కన పెట్టుకుంటారు. వాళ్ల భాషలో స్టాండ్‌బై.

ఈలోగా మీ చేతిలో ఉన్న పనులు ఇవి.

1. బస్సెక్కే ముందే రాసుకోండి

రాయదుర్గం మెట్రో మెట్ల మీద కూర్చునైనా సరే, ఆ రోజు జరిగింది ఫోన్‌లో రాసి పెట్టుకోండి. మాట్లాడిన హెచ్‌ఆర్ పేరు, ఏ ప్రాసెస్ అన్నారు, వాయిసా చాటా, ఎన్ని రౌండ్లు అయ్యాయి, “ఎప్పటిలోగా” అన్నారు. అన్నిటికన్నా ముఖ్యం, మీరు తడబడిన ప్రశ్నలు. రాత్రికి వాటి రూపం మారిపోతుంది. బాగా చెప్పినవే గుర్తుంటాయి, లేదంటే పాడుచేసినవే గుర్తుంటాయి, మన స్వభావాన్ని బట్టి. కింద ఐదో అంశంలో ఈ రాతతో మళ్లీ పని పడుతుంది.

2. ఒక మెయిల్, నాలుగు వాక్యాలు

అదే రోజు రాత్రి గానీ మర్నాడు పొద్దున గానీ పంపండి. సబ్జెక్ట్‌లో మీ పేరు, పోస్టు, ఇంటర్వ్యూ తేదీ ఉండాలి. లోపల సమయం ఇచ్చినందుకు ధన్యవాదం, ఏ విషయం మాట్లాడుకున్నారో ఒక్క వాక్యం, షిఫ్టుకీ చేరడానికీ మీకు అభ్యంతరం లేదన్న మాట, ఫోన్ నంబరు. అంతే. “కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్” వద్దు. కుటుంబ పరిస్థితులు అసలే వద్దు. అవి నిజమే అయినా చదివే మనిషి వాటిని ఏమీ చేయలేడు. టెక్ సపోర్ట్‌లో రోజంతా మీరు చేసే పని చిన్న మెయిల్ స్పష్టంగా రాయడమే. ఆ మెయిల్‌ని కూడా శాంపిల్‌గానే చూస్తాం.

3. ఫోన్‌ని ఉద్యోగానికి సిద్ధం చేయండి

ఇది చిన్న విషయంలా ఉంటుంది, కానీ నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఎస్‌ఆర్ నగర్ హాస్టల్‌లో ఉన్నప్పుడు తెలియని నంబరు నుంచి రెండు రోజుల్లో రెండు కాల్స్ వచ్చాయి. క్రెడిట్ కార్డు వాళ్లనుకుని కట్ చేశాను. రెండూ హెచ్‌ఆర్‌వే.

140తో మొదలయ్యే నంబర్లు టెలిమార్కెటింగ్‌వి, వాటిని వదిలేయొచ్చు. మిగతావి ఎత్తండి, ట్రూకాలర్ ఏం చూపించినా సరే. ఒక కంపెనీ వందలమందికి ఫోన్ చేసిన నంబరును ఎవరో ఒకరు స్పామ్ అని నొక్కే ఉంటారు. కాలర్ ట్యూన్ ఉంటే తీసేయండి. వాయిస్ ప్రాసెస్‌కి పిలిచే మనిషి ముందుగా వినేది ఐటెం సాంగ్ కాకూడదు. “హలో, ఎవరూ?” అనకుండా పేరు చెప్పి మాట్లాడండి. అవతలి వాళ్లు అప్పుడే మీ గొంతుకు మార్కులు వేయడం మొదలుపెడతారు. రోజుకు రెండుసార్లు మెయిల్‌లో స్పామ్, ప్రమోషన్స్ రెండూ చూడండి. ఆఫర్ లెటర్లు ఆటోమేటిక్ సిస్టమ్ నుంచి వస్తాయి కాబట్టి అక్కడికి పోయి పడటం మామూలే.

4. ఎప్పుడు అడగాలి, ఎన్నిసార్లు అడగాలి

తేదీ చెప్పి ఉంటే, ఆ తేదీ దాటాక రెండు పని దినాలు ఆగి అడగండి. చెప్పకపోతే ఐదు నుంచి ఏడు పని దినాలు ఆగండి. శని, ఆదివారాలు లెక్కలోకి రావు. మొదటిసారి మెయిల్. ఇంకో వారానికి ఒక ఫోన్ కాల్, లేదా మర్యాదగా ఒక వాట్సాప్ మెసేజ్. మూడోసారి అడిగాక మీ వైపు నుంచి ఆపేయండి. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు అని మళ్లీ మళ్లీ పంపేవాళ్ల పేర్లు మాకు గుర్తుంటాయి. ఆ గుర్తుండటం మంచికి కాదు.

ఏమడగాలన్నది కూడా ముఖ్యం. “సార్, నా రిజల్ట్ ఏమైంది?” అంటే “ప్రాసెస్‌లో ఉంది” అనే జవాబే వస్తుంది. “ఈ బ్యాచ్ ట్రైనింగ్ తేదీ ఖరారైందా అండీ? నా వైపు నుంచి ఇంకేమైనా కాగితాలు కావాలా?” అనండి. అప్పుడు హెచ్‌ఆర్‌కి నిజం చెప్పడం తేలికవుతుంది. బ్యాచ్ వచ్చే నెలకు జరిగిందనో, టెక్నికల్ ఫీడ్‌బ్యాక్ ఇంకా రాలేదనో తెలుస్తుంది. అమెరికా షిఫ్టు ప్రాసెస్ అయితే హెచ్‌ఆర్ కూడా మధ్యాహ్నం దాటాక వచ్చేవాళ్లే కావచ్చు. పొద్దున తొమ్మిదికి ఫోన్ చేసి నిద్ర లేపకండి.

కన్సల్టెన్సీ ద్వారా వెళ్లి ఉంటే ముందు వాళ్లనే అడగాలి. నేరుగా కంపెనీకి ఫోన్ చేస్తే ఇద్దరికీ చిరాకే.

ఇంట్లోవాళ్ల సంగతి ఇంకోటి. “ఏమైందిరా?” అని నాన్న రోజూ అడుగుతుంటే అది హెచ్‌ఆర్ మౌనం కన్నా బరువు. ఆయనకూ ఒక తేదీ చెప్పేయండి. “పద్దెనిమిదో తారీఖు దాకా తెలియదు నాన్నా, ఆ రోజు నేనే చెప్తా.” అడగడం పూర్తిగా మానరుగానీ తగ్గిస్తారు.

5. తడబడిన ప్రశ్న దగ్గరికే తిరిగి వెళ్లండి

ఎదురుచూసే రెండు మూడు వారాల్లో కొత్త కోర్సుకి డబ్బు కట్టేవాళ్లు ఎక్కువ. అమీర్‌పేటలో కోచింగ్ బోర్డులకు కొదవ లేదు కదా. నేను వద్దంటాను. ముందు ఆ రోజు ఫోన్‌లో రాసుకున్న ప్రశ్నలు పూర్తి చేయండి.

మేం తరచూ అడిగేది ఒకటి చెప్తాను. “యూజర్‌కి నెట్ రావడం లేదు. ఐపీ అడ్రస్ చూస్తే 169.254తో మొదలవుతోంది. ఏం చేస్తారు?” చాలామంది “సిస్టమ్ రీస్టార్ట్ చేయిస్తా” అంటారు. ఆ అంకె చెప్తున్నది ఏమిటంటే, కంప్యూటర్ డీహెచ్‌సీపీ సర్వర్‌ని (నెట్‌వర్క్‌లో ఐపీ అడ్రస్‌లు పంచేది) అడ్రస్ అడిగింది, జవాబు రాలేదు, తనకు తానే ఒకటి పెట్టుకుంది. కాబట్టి ముందు కేబుల్, వైఫై చూడాలి. తర్వాత ఐపీకాన్ఫిగ్ కమాండ్‌తో రిలీజ్ (ఉన్న అడ్రస్ వదిలించడం), రెన్యూ (కొత్తది అడిగించడం). పక్క సీటు మనిషికీ ఇదే ఉంటే తప్పు ఈ కంప్యూటర్‌ది కాదు. అలాగే 8.8.8.8కి పింగ్ వెళ్తోంది, వెబ్‌సైట్ పేరుతో మాత్రం తెరుచుకోవడం లేదంటే అనుమానం డీఎన్‌ఎస్ (పేరును ఐపీ అడ్రస్‌గా మార్చేది) మీదికి పోవాలి. ఇలా ఒక్కో లక్షణం నుంచి కారణం వైపు నడవడమే మాకు కావలసింది. జవాబు తప్పైనా నడక కనిపిస్తే మార్కులు వేస్తాం.

ల్యాప్‌టాప్‌లో ఖాళీ ఉంటే, దాని లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపే వర్చువల్‌బాక్స్ ఉచితంగా వేసుకోవచ్చు. విండోస్ సర్వర్ 180 రోజుల ట్రయల్ దొరుకుతుంది. అందులో యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసులో యూజర్ల అకౌంట్లు నడిపేది) పెట్టి పది మంది యూజర్లను సృష్టించి, పాస్‌వర్డులు రీసెట్ చేసి, లాకైన అకౌంట్లు తెరిచి చూడండి. ఎల్1 మొదటి నెల పనిలో పెద్ద భాగం అదే.

ల్యాప్‌టాప్ లేకపోతే ఇంకా మంచి సాధన ఉంది. ఊళ్లో బాబాయి ఫోన్‌లో వాట్సాప్ బ్యాకప్ అవడం లేదంటాడు, అత్తయ్య టీవీలో యూట్యూబ్ రావడం లేదంటుంది. ఆ ఫోన్ ముట్టుకోకుండా, ఎనీడెస్క్ లేకుండా, వీడియో కాల్ కూడా లేకుండా, ఉత్త మాటతో బాగు చేయించండి. “పైన కుడి పక్క మూడు చుక్కలు కనపడుతున్నాయా బాబాయ్?” అన్నాక ఆయన తీరిగ్గా కళ్లజోడు వెతుక్కునే దాకా విసుక్కోకుండా ఆగడం ఉంది చూశారూ, దాన్ని ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ నేర్పరు. తర్వాత అదంతా టికెట్ రాసినట్టు రాయండి: సమస్య ఏమిటి, ఎప్పటి నుంచి, ఏమేం ప్రయత్నించారు, ఎలా తీరింది. ఇంగ్లీషులో రాయండి. అలాంటివి పదిహేను రాసుకొచ్చిన అమ్మాయిని మా టీమ్‌లోకి తీసుకున్నాం.

6. ఈలోగా వచ్చే దొంగ కాల్స్

ఎదురుచూసే మనిషి ఏ కాల్ వచ్చినా నమ్మే స్థితిలో ఉంటాడు. మోసగాళ్లకు కావలసిందీ అదే. “మీరు సెలెక్ట్ అయ్యారు. ల్యాప్‌టాప్ డిపాజిట్ కట్టండి, మొదటి జీతంతో తిరిగి ఇస్తాం” అంటే అది ఉద్యోగం కాదు. రిజిస్ట్రేషన్ ఫీజన్నా, వెరిఫికేషన్ చార్జన్నా, పేరు ఏది పెట్టినా అంతే. సక్రమమైన కన్సల్టెన్సీ తన రుసుము కంపెనీ దగ్గర తీసుకుంటుంది. మెయిల్ జీమెయిల్ నుంచి వచ్చిందా, కంపెనీ డొమైన్ నుంచి వచ్చిందా చూడండి. మన దేశంలో నమోదైన ప్రతి కంపెనీకీ 21 అక్షరాలూ అంకెలూ ఉన్న సీఐఎన్ (కంపెనీ గుర్తింపు సంఖ్య) ఉంటుంది. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో దాన్ని వెతికి చూసుకోవచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బుని మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

బ్యాక్‌డోర్ ఉద్యోగం, రెండేళ్ల దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటరూ ఇదే సమయంలో వినపడతాయి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ చరిత్ర అడుగుతారు. మీ యూఏఎన్‌లో (మీ పీఎఫ్ నంబరులో) ఆ కంపెనీ లేకపోతే కథ అక్కడే తేలిపోతుంది. చేరాక మూడో నెలలో తీసేసినవాళ్లను చూశాను.

ఇంకో రకం మోసం ఉద్యోగంలోనే ఉంటుంది. “టెక్ సపోర్ట్” అనే బోర్డు కింద, అమెరికా ముసలివాళ్లను మీ కంప్యూటర్‌లో వైరస్ ఉందని భయపెట్టి గిఫ్ట్ కార్డులతో డబ్బు గుంజే కాల్ సెంటర్లు ఉన్నాయి. 2023 అక్టోబరులో సీబీఐ ఆపరేషన్ చక్ర-2 పేరుతో దాడులు చేసిన వాటిలో ఇలాంటివీ ఉన్నాయి. ఇంటర్వ్యూలో కంపెనీ పేరు సరిగా చెప్పకపోయినా, జీతం చేతికి నగదుగా ఇస్తామన్నా, పని టెక్నికల్ అని చెప్పి అమ్మకం స్క్రిప్టు చదివించినా లేచి వచ్చేయండి. రైడ్ జరిగితే ఫోన్ మాట్లాడినవాళ్లు కూడా కేసులో ఇరుక్కోవచ్చు. కంబోడియా, మయన్మార్‌లలో డేటా ఎంట్రీ, కస్టమర్ సపోర్ట్ అంటూ టూరిస్ట్ వీసా మీద పంపుతామనే ఏజెంట్లకు మన రెండు రాష్ట్రాల పిల్లలు చాలామందే చిక్కారు. దాని గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు, వెళ్లకండి.

7. ఆఫర్ వస్తే, సంతకానికి ముందు

సీటీసీని (మీ మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) పన్నెండుతో భాగించి అదే జీతం అనుకోకండి. ఏడాదికి 2,64,000 అంటే నెలకు 22,000. బేసిక్ 11,000 అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ 1,320, గ్రాట్యుటీ 529, గ్రాస్ మీద ఈఎస్‌ఐ 3.25 శాతం కూడా సీటీసీలోనే కలిపి చూపితే గ్రాస్ (మీ కోతలకు ముందు జీతం) 19,517కి దిగుతుంది. అందులోంచి మీ వాటా పీఎఫ్ మళ్లీ 1,320, ఈఎస్‌ఐ 147, హైదరాబాద్‌లో ప్రొఫెషనల్ ట్యాక్స్ 150. చేతికొచ్చేది దాదాపు 17,900. హాస్టల్ ఫీజు లెక్క దీని మీద వేసుకోండి. నైట్ షిఫ్ట్ అలవెన్స్ వేరుగా ఇస్తారా అని అడగడం తప్పు కాదు.

న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. క్యాబ్ ఇంటి దాకా వస్తుందా, నోడల్ పాయింట్ (అందరినీ ఎక్కించుకునే, దించే చోటు) దాకానేనా? వారాంతపు సెలవు శని, ఆదివారాలేనా, మారుతుంటుందా? బాండ్ ఉంటే ఎన్ని నెలలు, ఎంత? ఇవి అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, కానీ వాళ్ల దగ్గర పెట్టి రాకండి.

8. రాకపోతే

మూడు వారాలు దాటి, రెండు మూడు సార్లు అడిగినా జవాబు లేకపోతే ఆ కంపెనీని జాబితాలో కిందికి దించండి. నిజానికి ఇంటర్వ్యూ అయిన మర్నాటి నుంచే మిగతా చోట్ల దరఖాస్తులు సాగుతూ ఉండాలి. కాదన్నారంటే ఏ రౌండ్‌లో పోయిందో మర్యాదగా ఒక్కసారి అడగండి. చాలామంది చెప్పరు, చెప్పినవాళ్ల మాట విలువైనది. వెర్సాంట్‌లో పోయి ఉంటే సమస్య ఒకటి, టెక్నికల్‌లో పోయి ఉంటే ఇంకోటి. చాలా కంపెనీలు మూడు నుంచి ఆరు నెలల దాకా మళ్లీ రానివ్వవు. ఆ తేదీ క్యాలెండర్‌లో పెట్టుకోండి.

కాగితాలు మాత్రం ఎప్పుడూ సంచీలోనే ఉంచండి: పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజినల్, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, ఎనిమిది ఫోటోలు, రెండు సెట్ల జిరాక్స్. నేను కట్ చేసిన ఆ రెండు కాల్స్ తర్వాత మూడోది శుక్రవారం సాయంత్రం ఆరింటికి వచ్చింది. బ్యాచ్‌లో ఎవరో చేరడం లేదట. “సోమవారం పొద్దున ఎనిమిదికి ట్రైనింగ్, డాక్యుమెంట్స్ అన్నీ తెచ్చుకోగలవా?” అని అడిగింది హెచ్‌ఆర్ ఆవిడ. నా ప్రొవిజినల్ ఒంగోల్లో ఉంది. ఆ రాత్రే బస్సెక్కాను.