న్యూక్లియస్ పగలకుండా క్రోమాటిన్ వేరు చేయడం ఎలా?

క్రోమాటిన్ అంటే డీఎన్ఏ, దాన్ని పట్టుకున్న ప్రోటీన్లు కలిసిన ముద్ద. డీఎన్ఏ కాపీ అయ్యేటప్పుడు ఏ ప్రోటీన్ దాన్ని పట్టుకుని ఉంది, ఏది ఊరికే న్యూక్లియస్‌లో తిరుగుతోంది అని తెలియాలంటే ఆ రెండు రకాలనీ విడదీయాలి. నేను చేసేది 2000లో శాస్త్రవేత్తలు మెండెజ్, స్టిల్‌మన్ వాడిన పద్ధతే.

హీలా సెల్స్ (ల్యాబ్‌లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు), పది సెంటీమీటర్ల ప్లేట్ ఒకటి చాలు. చల్లటి ఉప్పు బఫర్ పీబీఎస్‌తో రెండుసార్లు కడిగి, గీకి, ట్యూబ్‌లోకి తీసుకోండి. బఫర్‌లో 10 మిల్లీమోలార్ హెపెస్ (పీహెచ్ 7.9), 10 పొటాషియం క్లోరైడ్, 1.5 మెగ్నీషియం క్లోరైడ్, 0.34 మోలార్ సుక్రోజ్, 10 శాతం గ్లిసరాల్, 1 మిల్లీమోలార్ డీటీటీ, ప్రోటియేజ్ ఇన్హిబిటర్లు (ప్రోటీన్లు తెగిపోకుండా ఆపేవి). కణాల్ని ఇందులో కలపండి, ఒక్కో ప్లేట్‌కి 200 మైక్రోలీటర్లు.

ఇప్పుడు అసలు గొడవ. దీనికి 0.1 శాతం ట్రైటాన్ (సబ్బు లాంటి డిటర్జెంట్) కలిపి ఐస్ మీద 5 నిమిషాలు. ఐదంటే ఐదే, టైమర్ పెట్టండి, ఫోన్ చూస్తూ కూర్చుంటే పదైపోతుంది. తాటి ముంజ తొక్క తీయడం లాంటి పని ఇది, పైపొర పోవాలి గానీ లోపలి నీళ్లు కారకూడదు. దయచేసి వోర్టెక్స్ (యంత్రంతో గట్టిగా కుదపడం) చేయకండి! పిపెట్ టిప్ కొన కత్తిరించి మెల్లగా కలపండి. గాజు రోకలి లాంటి డౌన్స్‌తో దంచేవాళ్లూ ఉన్నారు, ఒక్కొక్కరి చేతి బలం ఒక్కోలా ఉంటుంది, నాకైతే నమ్మకం లేదు.

ఒక చుక్క తీసి ట్రైపాన్ బ్లూ రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడండి. న్యూక్లియస్‌లు గుండ్రంగా, నీలంగా, అంచు స్పష్టంగా ఉంటే సరే. ట్యూబ్‌లో జిగురు తీగలు సాగుతున్నాయా, న్యూక్లియస్ పగిలి డీఎన్ఏ బయటికొచ్చేసినట్టే, ఇక దాన్ని బాగుచేయలేం, పారేసి మళ్లీ మొదలెట్టండి. అలాంటి దాంతోనే వెస్టర్న్ (యాంటీబాడీతో ప్రోటీన్‌ని గుర్తించే పరీక్ష) చేసి ఎంసీఎం (కాపీ కోసం డీఎన్ఏ పోగులు విప్పే ప్రోటీన్) అన్నిచోట్లా ఉందని తెచ్చి చూపించేవాళ్లని చూసి చూసి విసుగొచ్చింది.

తర్వాతంతా తేలికే. 1,300 జీ దగ్గర 4 నిమిషాలు, 4 డిగ్రీల్లో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. పైది సైటోప్లాజం. కిందిది ఒకసారి కడిగి, 3 మిల్లీమోలార్ ఈడీటీఏ, 0.2 ఈజీటీఏ, 1 డీటీటీ ఉన్న ద్రావణంలో ఐస్ మీద అరగంట. ఈడీటీఏ మెగ్నీషియాన్ని లాగేస్తుంది, న్యూక్లియస్ ఉబ్బి పగులుతుంది, ఈసారి మనకి కావాల్సిందీ అదే. 1,700 జీ, 4 నిమిషాలు. పైన విడి ప్రోటీన్లు, కింద క్రోమాటిన్.

ట్యూబులిన్ (సైటోప్లాజం ప్రోటీన్) మొదటి భాగంలో, హిస్టోన్ హెచ్3 (డీఎన్ఏ చుట్టుకునే ప్రోటీన్) చివరిదాంట్లో కనబడకపోతే మిగతా బ్యాండ్లు చూడక్కర్లేదు. ఎంసీఎం జీ1లో (డీఎన్ఏ కాపీకి ముందు దశ) క్రోమాటిన్ మీదకెక్కి ఎస్ ఫేజ్ (కాపీ అయ్యే దశ) సాగేకొద్దీ దిగిపోతుంది, పీసీఎన్ఏ (కాపీ చేసే ఎంజైమ్‌ని డీఎన్ఏ మీద పట్టి ఉంచే ప్రోటీన్) ఎస్ ఫేజ్‌లోనే గట్టిగా పట్టుకుంటుంది, కాబట్టి రెండుసార్లు థైమిడిన్ ఇచ్చి డీఎన్ఏ కాపీని ఆపే డబుల్ థైమిడిన్ బ్లాక్‌తో సెల్స్‌ని ఒకే దశకి తెచ్చుకుంటే తేడా తెలుస్తుంది. ఆ చివరి పెల్లెట్‌ని సోనికేట్ (శబ్ద తరంగాలతో ముక్కలు) చేయకుండా జెల్‌లో వేయబోయారో, తీగలా సాగి పక్క వెల్‌లోకి పోతుంది.