జీపు టాపు వెనక కిటికీ: మసకబారినా, చిరిగినా, నీళ్లు కారినా ఏం చేయాలి?

మెత్తని టాపు ఉన్న బండికి వెనక కిటికీ పాడైతే చాలామంది నేరుగా వెళ్లి కొత్త ప్లాస్టిక్ షీటు కొనేస్తారు. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా జీపులు, జిప్సీలు, థార్‌లు వాడేవారికి నేను చెప్పేది ఒకటే: కిటికీ సరిగ్గా ఎక్కడ పాడైందో చూడకుండా షీటు కొనవద్దు. పాడైన చోటే కారణాన్ని చెబుతుంది. షీటు మొత్తం పసుపెక్కడం వేరు, ఇనుప గొట్టం తగిలే చోట గోధుమరంగు గీత పడటం వేరు, కుట్టు వెంట ఊడిపోవడం వేరు. అసలు కారణాన్ని అలాగే ఉంచి కొత్త కిటికీ కుట్టిస్తే అది కూడా అదే చోట పాడవుతుంది.

పాత జీపులకూ, 1985లో వచ్చిన మారుతి జిప్సీ మెత్తని టాపు రకానికీ, థార్ మెత్తని టాపుకూ వెనక ఉండేది అద్దం కాదు, మెత్తని పీవీసీ షీటు. స్వతహాగా పీవీసీ గట్టి పదార్థం. దాన్ని వంగేలా చేసేందుకు నూనె వంటి ప్లాస్టిసైజర్ కలుపుతారు. ఎండ వేడికి అది కొద్దికొద్దిగా బయటికి పోతుంది. పోయేకొద్దీ షీటు బిరుసెక్కుతుంది, కురచ అవుతుంది, పసుపు రంగుకు తిరుగుతుంది. మన దగ్గర రోహిణి కార్తె ఎండలు, తీరం వెంట ఉప్పుగాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు వరుసగా ఈ షీటు మీదే పడతాయి.

కిటికీలోంచి సరిగ్గా కనిపించడం లేదు

తడి చేతితో షీటును బయటి నుంచి రుద్దండి. తడి ఉన్నంతసేపు స్పష్టంగా కనిపించి, ఆరగానే మళ్లీ మసకబారితే లోపం పైపొరలోనే ఉంది. అవి సన్నని గీతలు, వాటిని నీరు పూడ్చడం వల్లే కాసేపు స్పష్టత వచ్చింది. ఇలాంటి షీటును మార్చనక్కరలేదు. తడిపినా మసక పోకపోతే లోపం షీటు లోపలే ఉందని అర్థం. దానికి ఏ పాలిష్ పెట్టినా వృథా. వానాకాలంలో పాలలా తెల్లబడి, రెండు రోజులు ఎండ కాయగానే తేటపడే షీటు మూడో రకం. అది తేమ పీల్చుకుంది, అంతే. దాన్ని కదిలించకండి.

గీతలకు ముఖ్య కారణం పొడిగుడ్డతో తుడవడం. చీమకుర్తి వైపు తిరిగే బండ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడి గెలాక్సీ గ్రానైటు క్వారీల దారుల్లో గాలి నిండా రాతి పొడి ఉంటుంది. ఆ రాతిలోని ఖనిజాలు ఉక్కు కత్తికి కూడా అంత తేలిగ్గా గీత పడనంత గట్టివి. దానిముందు మెత్తని ప్లాస్టిక్ ఎంత? దుమ్ము పట్టిన కిటికీని గుడ్డతో ఒక్కసారి తుడిస్తే వందల గీతలు పడతాయి. ముందు ధారాళంగా నీళ్లు పోసి దుమ్మును జార్చాలి. తరువాత చేతితోనే, కొంచెం షాంపూ కలిపిన నీటితో, పైనుంచి కిందికి రుద్ది కడగాలి. చివరగా మెత్తని నూలుగుడ్డతో అద్దితే చాలు.

పడిన గీతలకు ప్లాస్టిక్ పాలిష్ వాడాలి. పళ్లపొడి, టూత్‌పేస్టు వద్దు, వాటిలోని గరుకుదనం కొత్త మసకను తెస్తుంది. పెట్రోలు, థిన్నరు, అమ్మోనియా ఉన్న అద్దాల లిక్విడ్ అసలే తగలనివ్వకండి. థిన్నరు ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, మిగిలినవి దాన్ని ముందుగానే ముసలిదాన్ని చేస్తాయి.

షీటు లోపలి దాకా పసుపెక్కితే మార్చడమే. ఇది అందానికి సంబంధించిన విషయం కాదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 100వ నియమం వెనక అద్దంలోంచి కనీసం 70 శాతం వెలుతురు రావాలంటుంది. రాత్రి జాతీయ రహదారి మీద వెనక వచ్చే లారీ లైట్లు పసుపు షీటులో పెద్ద వెలుగు ముద్దగా కనిపిస్తాయి. దూరం అంచనా తప్పుతుంది. కొత్త షీటు కూడా నల్లరంగుది కాకుండా రంగులేని పారదర్శకమైనదే వేయించండి.

గొట్టం ఆనే చోట గోధుమరంగు గీత

ఎండలో టాపు కింది ఇనుప గొట్టం బాగా కాలుతుంది. షీటు దానికి ఆని ఉంటే ఆ గీత వెంటే మాడి, పెళుసుబారి, తరువాత అక్కడే పగులుతుంది. కొన్నిసార్లు గొట్టం రంగు షీటుకు అంటుకుంటుంది. మాడిన గీత పోదు. గొట్టానికి మందపాటి నూలు టేపు చుట్టాలి, లేదా ఆ భాగానికి తెల్ల రంగు వేయాలి. ఈ పని చేయకుండా కొత్త షీటు కుట్టించుకునేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. అంత డబ్బు పెట్టినవారు గొట్టానికి ఒక టేపు చుట్ట కొంటే సరిపోయేది.

మూల నుంచి పగులు

పగులు మూలలోనే మొదలైతే ఆ మూలను కోణంగా కత్తిరించి ఉంటారు. లాగుడంతా ఒక బిందువు మీద పడి షీటు చీలుతుంది. కొత్త కిటికీకి మూలలు గుండ్రంగా ఉండాలి, ఆ వంపు వ్యాసార్థం అయిదు సెంటీమీటర్లకు తగ్గకూడదు. పగులు మధ్యలో అడ్డంగా ఉంటే టాపు మడిచేటప్పుడు కిటికీని మడతబెట్టారన్నమాట. బిరుసెక్కిన షీటును చలికాలపు వేకువన మడిస్తే తప్పకుండా విరుగుతుంది. కాసేపు ఎండ తగిలి మెత్తబడ్డాక, మధ్యలో దుప్పటి వంటి మెత్తని గుడ్డ పెట్టి చాపలా చుట్టాలి, మడవకూడదు.

తాత్కాలికంగా ఆపాలంటే పగులు చివర చిన్న గుండ్రని రంధ్రం చేయండి, పగులు ముందుకు సాగదు. దానికి రెండు వైపులా పారదర్శకమైన టేపు అంటించండి. నీళ్ల పైపులకు వాడే గమ్ము మాత్రం పూయకండి, పలచని షీటు దానికి ముడుచుకుపోతుంది.

షీటు బాగానే ఉంది, కుట్టు ఊడిపోయింది

కిటికీ పాడైందని వచ్చే బండ్లలో తరచుగా కనిపించేది ఇదే. షీటు తేటగా ఉంటుంది, కాన్వాసు గట్టిగా ఉంటుంది, మధ్యలో దారం మాత్రం గోటితో గీరితే పొడిపొడిగా రాలుతుంది. నూలు దారం తేమకు కుళ్లుతుంది, నైలాన్ దారం ఎండకు బలం కోల్పోతుంది. బయట ఉండే టాపుకు పాలియెస్టర్ దారమే వాడాలి. దుకాణంలో చూడగానే తేడా తెలియదు కాబట్టి అడిగి తీసుకోండి.

తీరం వెంట ఇంకో కారణం ఉంది. కొత్తపట్నం, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులకు తిరిగే జీపుల్లో వెనక భాగాన బ్లీచింగ్ పౌడరు బస్తాలు వేసుకుంటారు. తేమకు దాని నుంచి క్లోరిన్ వెలువడుతూ ఉంటుంది. అది నైలాన్‌ను తినేస్తుంది, జిప్పు లోహాన్ని కూడా కొరుకుతుంది. మూసిన టాపు కింద ఆ బస్తాలను రాత్రంతా ఉంచకండి. మోసుకెళ్లక తప్పకపోతే మూత బిగించే ప్లాస్టిక్ డ్రమ్ములో పెట్టండి.

కుట్టు మాత్రమే పోయినప్పుడు పాత రంధ్రాల్లోంచే, చేతిసూదితో లేదా మిషన్ చక్రాన్ని చేత్తో తిప్పుతూ తిరిగి కుట్టాలి. కొత్త రంధ్రాలు పడితే షీటు ఆ వరుస వెంట తపాలా బిళ్లలా చిరుగుతుంది. ముందుగా ఒక పరీక్ష చేయండి: పాత కుట్టు పక్కన కాన్వాసులో సూది దించి కొద్దిగా పక్కకు లాగండి. పోగులు విడిపోతే ఆ టాపు కుట్టుకు ఆగదు. కిటికీ మీద ఖర్చు పెట్టకుండా టాపు మొత్తం మార్చండి.

వాన నీళ్లు లోపలికి వస్తున్నాయి

అది కారడమా, ఆవిరి పట్టడమా అన్నది ముందు తేల్చుకోండి. వానలో అద్దాలు, టాపు మూసి నలుగురు కూర్చుంటే కిటికీ లోపలివైపు నీటి బొట్లు కడతాయి. లోపల పొడిగా తుడిచి, కుట్ల వెంట టాల్కం పౌడరు చల్లి, బయట నుంచి గొట్టంతో నీళ్లు పట్టండి. నీళ్లు కింది అంచు నుంచి మొదలుపెట్టి పైకి జరపాలి. పైనుంచి పడితే ఎక్కడ కారిందో తెలియదు. లోపల పౌడరులో చార కట్టిన చోటే రంధ్రం ఉంది.

సూది రంధ్రాల నుంచి కారితే తేనెమైనాన్ని కుట్టు మీద గట్టిగా రుద్ది, హెయిర్ డ్రయ్యరు దూరంగా పట్టి కరగనివ్వండి. కింది అంచునే పదేపదే కారుతుంటే మాత్రం కుట్టిన తీరే తప్పు. పై అంచున కాన్వాసు షీటు మీదికి రావాలి, కింది అంచున షీటు కాన్వాసు మీదికి రావాలి. పెంకుటింటి కప్పు మీద పై పెంకు కింది పెంకును కప్పే పద్ధతే ఇది. కింద కూడా కాన్వాసు పైకి వచ్చేలా కుడితే ఆ అంచు జేబులా నీళ్లు పడుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తెచ్చినలాంటి రోజుల తరబడి వానకు అలాంటి అంచు తడిసి, దారమూ గుడ్డా కలిసి కుళ్లిపోతాయి.

జిప్పు కదలడం లేదు, లేదా పళ్లు పట్టడం లేదు

ఉప్పు గట్టిపడితే గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆరాక కొవ్వొత్తి రుద్దండి. నూనె పూస్తే దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. కదులుతూనే పళ్లు విడిపోతుంటే దోషం లాగే బిళ్లది. దాని రెండు అంచులను ప్లయర్‌తో రవ్వంత నొక్కితే చాలాసార్లు మళ్లీ పడుతుంది. కొత్తది వేయాల్సి వస్తే తీరప్రాంతంలో ప్లాస్టిక్ పళ్ల జిప్పే మేలు.

లోపలికి దుమ్ము, పొగ వస్తున్నాయి

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. నడిచే బండి వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది, కాబట్టి వెనక సందు ఉంటే దుమ్ముతో పాటు సైలెన్సరు పొగ కూడా లోపలికి లాగబడుతుంది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. వెనక కిటికీ చుట్టి పైకి కట్టి, పక్కలన్నీ మూసి నడపడం ప్రమాదం. వెనక తెరిస్తే పక్కలు కూడా తెరవండి. కుట్టు ఊడిన కిటికీతో పిల్లలను వెనక కూర్చోబెట్టుకుని దూరప్రయాణం చేయకండి.

మార్చాలని తేలితే

షీటు ఎంపికలోనే సగం పని ఉంది. మందం 0.75 నుంచి 1 మిల్లీమీటరు ఉండాలి. బల్లల మీద పరిచే పలచని పారదర్శక షీటు చవకగా దొరుకుతుంది, కానీ దానిలోంచి చూస్తే రోడ్డు అలలుగా కదులుతుంది. దుకాణంలోనే షీటును చేయి చాచి పట్టుకుని, అందులోంచి వీధి స్తంభాన్ని చూస్తూ పైకీ కిందికీ జరపండి. స్తంభం వంకరలు పోతే ఆ షీటు వద్దు. చుట్టగా తెస్తే కత్తిరించే ముందు దుప్పటి మీద పరచి కాసేపు ఎండలో ఉంచితే సాపు అవుతుంది.

పాత షీటును నమూనాగా తీసుకోకండి, అది కురచైపోయి ఉంటుంది. టాపు బండికి బిగించి, పట్టీలన్నీ మామూలుగా లాగి, కాన్వాసులోని ఖాళీని కొలవండి. పైన, మధ్యన, కింద వెడల్పుతో పాటు మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా రెండు కొలతలు కూడా తీయాలి. ఆ రెండు ఏటవాలు కొలతల్లో తేడా ఉంటే టాపు ఒక పక్కకు లాగుతోంది, ముందు పట్టీలు సరిచేయండి. బ్రౌన్ పేపరు మీద గీసి, చుట్టూ రెండు సెంటీమీటర్లు కుట్టుకు వదిలి షీటు కత్తిరించండి.

వేడికి పీవీసీ బాగా సాగుతుంది. మధ్యాహ్నపు ఎండలో సాగిన షీటును కుడితే తెల్లవారుజామున బిగుసుకుని కుట్లను లాగుతుంది. బాగా చల్లగా ఉన్నప్పుడు కుడితే మధ్యాహ్నానికి ఉబ్బి వేలాడుతుంది. ఉదయం ఎనిమిది తొమ్మిది గంటల వేళ, నీడలో, షీటూ కాన్వాసూ ఒకే వేడిమిలో ఉన్నప్పుడు పని పెట్టుకోండి.

పాత కిటికీని ముందే కోసేయకండి. అది ఉన్నంతసేపే టాపు తన ఆకారంలో ఉంటుంది. టాపు దించాక కొత్త షీటును దాని మీదే పరచి, నాలుగు వైపులా మధ్య గుర్తులు కలిపి, మధ్య నుంచి మూలల వైపు రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించండి. గుండుసూదులు వద్దు, ప్రతి సూదీ శాశ్వతంగా ఒక రంధ్రం వదులుతుంది. పై అంచున పాత కుట్టు విప్పి కొత్త షీటును కాన్వాసు కిందికి దూర్చాలి.

ఇంట్లో బట్టలు కుట్టే మిషన్ ఈ మందానికి ఆగదు. సీటు కవర్లు, టార్పాలిన్లు కుట్టేవారి భారీ మిషన్ కావాలి. 18వ నంబరు సూది, ఒక్కో కుట్టు నాలుగు మిల్లీమీటర్లు, రెండు వరుసలు ఉండేలా కుట్టమనండి. దగ్గరగా కుడితే బలమని కొందరు అనుకుంటారు, షీటు విషయంలో అది తలకిందులు. మిషన్ పాదం ప్లాస్టిక్‌కు అంటుకుంటుంటే పైన పలచని కాగితం పట్టీ పెట్టి కుట్టి, తరువాత చింపేయండి. కుట్టు పూర్తయ్యాక రెండు షీట్ల మధ్య అట్ట దూర్చి, లోపలి నుంచి పాత షీటును కత్తెరతో కోసి తీయండి.

వెనక నిజంగా అద్దమే ఉంటే

కొన్ని విదేశీ ఓపెన్ టాపు కార్లకు అద్దమే ఉంటుంది. మాజ్డా ఎంఎక్స్-5కు 1989 నుంచి మొదటి తరంలో ప్లాస్టిక్ కిటికీయే ఉండేది, రెండో తరంలో అద్దం వచ్చింది. వీటిలో అద్దం పగలడం కన్నా గుడ్డ నుంచి అతుకు విడిపోవడమే ఎక్కువ. మామూలు సిలికాన్, తక్షణం అంటుకునే గమ్ములు ఇక్కడ నిలవవు. పాత జిగురంతా గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అద్దం అంచుకు ప్రైమరు పూసి, బండ్ల ముందు అద్దాలు అతికించే పాలియురేథేన్ జిగురు వాడాలి. టాపు బిగించి ఉండగానే అతికించి, బరువుతో సమానంగా నొక్కి ఉంచి, కనీసం ఒక రోజంతా బండిని కదపకండి. ఆ జిగురు గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది, కాబట్టి వానాకాలమైనా పరవాలేదు, అతికించే అంచులు మాత్రం పొడిగా ఉండాలి.