మెయిన్‌ఫ్రేమ్ లైనక్స్‌ను కొత్త వెర్షన్‌కు మార్చేటప్పుడు కాన్ఫిగరేషన్ ఎలా సరిచూసుకోవాలి?

మామూలు సర్వర్‌కు డిస్కు తగిలిస్తే లైనక్స్ దాన్ని తనంతట తానే గుర్తిస్తుంది. ఐబీఎం జెడ్ మెయిన్‌ఫ్రేమ్ మీద ప్రతి డాస్‌డీ (మెయిన్‌ఫ్రేమ్ రకం) డిస్కుకూ, ప్రతి క్యూఈథ్ రకం నెట్‌వర్క్ కార్డుకూ 0.0.0200 వంటి నంబరు ఉంటుంది, ఆ నంబరును ఆన్‌లైన్‌లోకి తెమ్మని ఎక్కడో ఒకచోట రాసి ఉంటే తప్ప సిస్టమ్ దాన్ని వాడుకోదు. అందుకే వెర్షన్ మార్పులో ప్యాకేజీల కంటే ఈ రాతల మీదే ఎక్కువ సమయం పెట్టాలి. మిర్యాలగూడలో ఇంటి నుంచే జెడ్‌వీఎం గెస్టులను (మెయిన్‌ఫ్రేమ్‌లో జెడ్‌వీఎం నడిపే వర్చువల్ యంత్రాలను) చూసుకునే నేను, రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 8 నుంచి 9కి వెళ్లేటప్పుడు పాటించే వరుస ఇది.

ముందు యంత్రం సంగతి తేల్చుకోవాలి. వెర్షన్ 8కి జెడ్13 చాలు, వెర్షన్ 9కి మాత్రం జెడ్14 లేదా ఆ తర్వాతి యంత్రం ఉండాలి. ప్రాక్ డైరెక్టరీలోని సిస్‌ఇన్ఫో ఫైల్‌లో టైపు 2964 లేదా 2965 అని కనిపిస్తే అది జెడ్13 తరానిది కాబట్టి పని అక్కడితో ఆపేయాలి.

తర్వాత గెస్టును షట్‌డౌన్ చేసి, బూట్ డిస్కుకు జెడ్‌వీఎం వైపు నుంచి నకలు తీసుకోవాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. 200లోని డిస్కును 300కు నకలు చేసి, అవసరమైనప్పుడు 300 నుంచి బూట్ చేస్తే పాత వెర్షన్ వస్తుందనుకుంటారు. నకలులోని కెర్నల్ ఆప్షన్లలో (బూట్ సమయంలో లైనక్స్‌కు ఇచ్చే సూచనల్లో) కూడా ‘ఆర్‌డీ.డాస్‌డీ=0.0.0200’ అనే ఉంటుంది కనుక, అది లేచి మళ్లీ 200లోని డిస్కునే వెతుక్కుంటుంది. వెనక్కి వెళ్లాల్సి వస్తే ముందు 200ను వేరే నంబరుకు, ఆపైన 300ను 200కు రీడిఫైన్ చేసి (నంబరు మార్చి) బూట్ చేయాలి. నకలు తీయడం పూర్తయ్యాక దాన్ని డిటాచ్ చేసి (గెస్టు నుంచి విడదీసి) పెట్టడం మంచిది, లేకపోతే ఒకే గుర్తింపు ఉన్న రెండు ఎల్‌వీఎం (డిస్కులను కలిపి వాల్యూమ్‌లుగా వాడే పద్ధతి) డిస్కులు ఒకేసారి కనిపించి గందరగోళం అవుతుంది.

ఇప్పుడు గెస్టును మళ్లీ బూట్ చేసి, పరికరాల పట్టిక చూపే ‘ఎల్‌ఎస్‌జెడ్‌డెవ్’ ఆదేశం ఇచ్చి, వచ్చిన పట్టికను ఫైల్‌లో దాచుకోవాలి. అందులో ‘ఆన్’, ‘పెర్స్’ అని రెండు నిలువు వరుసలుంటాయి. మా వైపు సాగర్ ఎడమ కాలువ కింద వ్యవసాయం చేసేవారికి ఈ తేడా సులువుగా అర్థమవుతుంది: లష్కర్ ఈ పూటకు తూము ఎత్తడం ‘ఆన్’, ఆ తూముకు నీటి వంతు రిజిస్టరులో ఎక్కి ఉండడం ‘పెర్స్’. ఆన్‌లో యెస్ ఉండి పెర్స్‌లో నో ఉన్న డిస్కు ఇవాళ పనిచేస్తుంది కానీ, రీబూట్ తర్వాత వస్తుందన్న నమ్మకం లేదు. అయితే నో కనిపించగానే కంగారు పడకుండా, ఈటీసీ డైరెక్టరీలోని డాస్‌డీ.కాన్ఫ్ ఫైల్ కూడా చూడాలి. వెర్షన్ 8లో రూట్ కాని డిస్కులను అందులో రాయడం వాడుక, పరికరాల సెట్టింగులు మార్చే ‘సీహెచ్‌జెడ్‌డెవ్’ ఆదేశం మాత్రం తన నియమాలను యూడెవ్ (లైనక్స్‌లో పరికరాలను చూసుకునే భాగం) ఫైళ్లలో రాస్తుంది. ఏ డిస్కు ఎక్కడ రాసి ఉందో ఒక కాగితం మీద పెట్టుకుని, రెండుచోట్లా లేనిదాన్ని సీహెచ్‌జెడ్‌డెవ్‌తో శాశ్వతం చేయాలి.

నెట్‌వర్క్ విషయంలో, ఒక క్యూఈథ్ కార్డుకు 0600, 0601, 0602 అన్నట్టు మూడు నంబర్లు కావాలి, దాని ఇంటర్‌ఫేస్ పేరు ‘ఈఎన్‌సీ600’ అని వస్తుంది. పాత నెట్‌వర్క్-స్క్రిప్ట్స్ ప్యాకేజీ వెర్షన్ 9లో లేదు. పాత ఐఎఫ్‌సీఎఫ్‌జీ (నెట్‌వర్క్ సెట్టింగుల) ఫైళ్లను నెట్‌వర్క్‌మేనేజర్ ఇంకా చదువుతుంది కానీ, కొత్తవాటిని కీఫైల్ అనే తన సొంత రూపంలో రాస్తుంది.

రూట్ పాస్‌వర్డ్‌తో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ కావడాన్ని వెర్షన్ 9 డిఫాల్టుగా ఒప్పుకోదు. సుడో (రూట్ అధికారంతో ఆదేశాలు నడిపే వీలు) ఉన్న మరో యూజర్‌తో లాగిన్ అయి చూసుకున్నాకే ముందుకు వెళ్లాలి. ఆ తర్వాత వెర్షన్ మార్చే సాధనమైన లీప్‌తో ‘లీప్ ప్రీఅప్‌గ్రేడ్’ తనిఖీ నడిపి, నివేదికలో ఇన్‌హిబిటర్ (అప్‌గ్రేడ్‌ను ఆపే అడ్డంకి) అని గుర్తు పెట్టిన ప్రతి అంశాన్నీ తీర్చాలి. అప్‌గ్రేడ్‌ను గెస్టు మీదే టీమక్స్ (కనెక్షన్ తెగినా ఆగని సెషన్) లోపల మొదలుపెట్టండి, కరెంటు పోయి రౌటర్ ఆగిపోయినా అవతల పని నడుస్తూనే ఉంటుంది.

కెర్నల్ ఆప్షన్లు ‘గ్రబ్బీ’ ఆదేశంతో మార్చిన ప్రతిసారీ చివర బూట్ రికార్డును రాసే ‘జిప్ల్’ నడపాలి. ఒక ఆదివారం అర్ధరాత్రి ఆర్‌డీ.డాస్‌డీకి 0.0.0201ను జోడించి, జిప్ల్ నడపడం మరిచి రీబూట్ చేశాను. బూట్ రికార్డులో పాత ఆప్షన్లే ఉండిపోయాయి, కొత్త డిస్కుకు విస్తరించిన రూట్ వాల్యూమ్ దొరకక గెస్టు డ్రాకట్ (బూట్ తొలిదశ) అత్యవసర షెల్ దగ్గర నిలిచిపోయింది. జెడ్‌వీఎం గెస్టు 3270 కన్సోల్ (టెర్మినల్ తెర) వరుసల పద్ధతిలో పనిచేస్తుంది కాబట్టి అక్కడ వీఐ ఎడిటర్ నడవదు. ‘సెడ్’ ఆదేశంతో ఒక్కో వరుసా దిద్దుకునేసరికి తెల్లవారింది. జిప్ల్ నడిపాక తెర మీద ‘డన్’ అని రానిదే ఇప్పుడు రీబూట్ జోలికి పోను.

కొత్త వెర్షన్ లేచాక ఎల్‌ఎస్‌జెడ్‌డెవ్ మళ్లీ ఇచ్చి, దాచుకున్న పాత పట్టికతో వరుస వరుసా పోల్చాలి. ‘ఎల్‌ఎస్‌రీఐపీఎల్’ ఆదేశం చూపించే తర్వాతి బూట్ డిస్కు 200దేనా అని చూసి, ఇంకొకసారి కావాలనే రీబూట్ చేయాలి. ఆ రెండో రీబూట్ తర్వాత కూడా పట్టిక కలిస్తేనే 300లోని నకలును వదిలేయవచ్చు.