కుందేలు ముక్కు కారుతుంటే ఇంట్లో ఎలా చూసుకోవాలి?

పదకొండేళ్లుగా విజయవాడలో మా ఇంట్లో కుందేళ్లు ఉన్నాయి. తెలిసినవాళ్ల ఇళ్లలో ఏ కుందేలు తుమ్మినా ముందు నాకే ఫోను చేస్తారు. బాధేమిటంటే, ఆ ఫోను వచ్చేసరికే చాలాసార్లు జరగకూడనిది జరిగిపోయి ఉంటుంది. ఒకరు ముక్కుకు జలుబు బామ్ రాసేస్తారు. ఒకరు ముక్కు మురికిగా ఉందని స్నానం చేయిస్తారు. ఇంకొకరు పిల్లల జ్వరానికి తెచ్చిన సిరప్ మిగిలుంటే అదే తాగిస్తారు. అందుకే నేను చేసే పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక సంగతి తెలియాలి. కుందేలు ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది. ముక్కు మూసుకుపోతే మనలాగా నోరు తెరిచి సులువుగా సర్దుకోవడం దానికి రాదు, ప్రాణం మీదకి వస్తేనే నోరు తెరుస్తుంది. పైగా ఇది మన జలుబులాగా నాలుగు రోజుల్లో దానంతటదే పోయేది కాదు. ఎక్కువగా పాశ్చురెల్లా మల్టోసిడా అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది, కొన్నిసార్లు బోర్డెటెల్లా, స్టాఫిలోకోకస్ వల్ల కూడా వస్తుంది. పాశ్చురెల్లా ఆరోగ్యంగా ఉన్న కుందేళ్ల ముక్కులో కూడా ఊరికే ఉంటుంది. ఎండ దెబ్బ, ప్రయాణం, కొత్త చోటు, మూత్రం వాసన పట్టిన బోను, వీటిలో ఏదో ఒకటి దాన్ని రేపుతుంది.

1. నిజంగా జబ్బేనా అని చూడండి

గడ్డి దుమ్ముకి ఒకటి రెండు తుమ్ములు వస్తే టెన్షన్ పడక్కర్లేదు. ముక్కు కంటే ముందు చూడాల్సింది ముందు కాళ్ల లోపలి వైపు. కుందేలు చీమిడిని ముందు కాళ్లతో తుడుచుకుంటుంది. అక్కడి బొచ్చు తడిసి, ఎండి, గంజి పెట్టిన గుడ్డలా గట్టిగా అట్టకట్టి ఉంటే జబ్బు మొదలైనట్టే. ముక్కు దగ్గర శుభ్రంగా కనిపించినా మోసపోవద్దు, అప్పుడే తుడుచుకుని ఉంటుంది.

తర్వాత అది పడుకున్నప్పుడు డొక్క కదలిక చూసి ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి 30 నుంచి 60 వరకూ మామూలే. ముక్కు అదిరే లెక్క ఇందులో కలపొద్దు, అది వేరు. తల పైకెత్తి నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, పెదవులు నీలంగా మారినా, పన్నెండు గంటలుగా ఏమీ తినకపోయినా, పెంటికలు ఆగిపోయినా ఇక ఇంటి వైద్యం మాట మరిచి అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి.

2. డాక్టరుకి చూపించండి

ఇది దాటవేయడానికి వీల్లేదు. కుక్కల్ని, పశువుల్ని మాత్రమే చూసే డాక్టర్లకు కుందేళ్లతో అలవాటు తక్కువగా ఉండొచ్చు కాబట్టి ముందే ఫోన్ చేసి అడగండి. గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్‌లలో పశువైద్య కళాశాలలున్నాయి, దగ్గర్లో ఉన్నవాళ్లు అక్కడ వాకబు చేయవచ్చు. ఎండ ఎక్కకముందే తీసుకెళ్లండి. ఊపిరి తీస్తున్న వీడియో ఒకటి, ఆ రోజు బరువు రాసిన కాగితం వెంట ఉంచుకోండి.

డాక్టరు రాసిచ్చిన మందు పేరు మీరూ చదవండి. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండమైసిన్, లింకోమైసిన్, సెఫలెక్సిన్ లాంటివి నోటి ద్వారా కుందేలుకి ఇవ్వకూడదు. దాని పేగుల్లో గడ్డిని అరిగించే మంచి బ్యాక్టీరియా ఉంటుంది. ఈ మందులు దాన్ని చంపేస్తే ఆ ఖాళీలో క్లాస్ట్రిడియం అనే చెడు బ్యాక్టీరియా పెరిగి విషం పుట్టిస్తుంది, విరేచనాలు పట్టుకుని కుందేలు రెండు మూడు రోజుల్లోనే పోవచ్చు. మందుల షాపులో "పిల్లలకి ఇచ్చేదే, ఏం కాదు" అని చేతిలో పెట్టే సిరప్ చాలాసార్లు ఇదే. పెన్సిలిన్‌ని డాక్టరు ఇంజెక్షన్‌గా ఇస్తే అది వేరే సంగతి, నోట్లో పోస్తేనే ముప్పు. సాధారణంగా ఎన్రోఫ్లాక్సాసిన్ గానీ, ట్రైమెథోప్రిమ్-సల్ఫా గానీ రాస్తారు. డోసు బరువును బట్టి ఉంటుంది, కాబట్టి పక్కింటి కుందేలు డోసు మీ కుందేలుకి పనికిరాదు.

3. సామాను

సూది లేని 1 మి.లీ. సిరంజిలు ఐదారు, నార్మల్ సెలైన్, మెత్తటి పాత లుంగీ ముక్క, వంటింటి తూకం, దూది, చాప, నెబ్యులైజర్. కోవిడ్ తర్వాత నెబ్యులైజర్ చాలా ఇళ్లలో మూల పడి ఉంది, అడిగితే ఎవరో ఒకరు ఇస్తారు. మాస్కు, గొట్టం మాత్రం కొత్తవి కొనండి. టర్కీ టవల్ వాడొద్దు, దాని పోగుల్లో గోరు ఇరుక్కుంటే కుందేలు బెదిరిపోతుంది.

4. చోటు మార్చండి

మిగతా కుందేళ్ల నుంచి వేరు చేసి, గాలి ఆడే గదిలో పెట్టండి. ఇంట్లో గినీ పిగ్‌లు ఉంటే ఇంకా దూరంగా ఉంచాలి, బోర్డెటెల్లా వాటికి సోకితే బతకడం కష్టం. రంపపు పొట్టు, వరిగడ్డి తీసేయండి, రెండిట్లోనూ దుమ్మే. న్యూస్ పేపరు పరిచి, పైన నూలు గుడ్డ వేసి, రోజుకు రెండుసార్లు మార్చండి. మీరు నేలమీద కూర్చుని కుందేలు ముక్కు ఎత్తులో మీ ముక్కు పెట్టి వాసన చూడండి. మీకు మూత్రం ఘాటు తగిలితే దానికి అంతకు పదింతలు తగులుతున్నట్టు. ఆ గదిలో సాంబ్రాణి, అగరుబత్తీ, దోమల కాయిల్, కర్పూరం, యూకలిప్టస్ నూనె ఏవీ వద్దు. ఎండుమిర్చి పోపు వేసే వంటింటికి ఆనుకున్న గది కూడా వద్దు.

మే నెలలో అయితే గడ్డకట్టిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. కూలర్ గాలి నేరుగా దాని మీదకి తిప్పొద్దు.

5. ముక్కు తెరిపించండి

దూదిని సెలైన్‌లో తడిపి, అట్టకట్టింది నానేదాకా ఆనించి, మెల్లగా తుడవండి. పీకొద్దు. తర్వాత కుందేలుని క్యారియర్‌లో పెట్టి, పైన పల్చటి గుడ్డ కప్పి, గాలి ఆడేలా ఒక వైపు వదిలి, నెబ్యులైజర్‌లో 3 నుంచి 5 మి.లీ. సెలైన్ పోసి పది పదిహేను నిమిషాలు పొగమంచు పట్టనివ్వండి. రోజుకు రెండుసార్లు చాలు. వేడినీళ్ల ఆవిరి పట్టొద్దు. కుందేలుకి చెమట పట్టదు, ఒంటి వేడిని ముఖ్యంగా చెవుల ద్వారానే బయటికి పంపుతుంది. ఆవిరితో ముక్కు తెరుచుకునే లోపే వడదెబ్బ తగులుతుంది.

6. మందు తాగించడం

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. రోగం కంటే మందు తాగించే తీరు వల్లే పోయిన కుందేళ్లను నేను చూశాను. నా మొదటి కుందేలు బుజ్జి అలాగే పోయింది. చంటిపిల్లలా ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, 5 మి.లీ. సిరంజితో ఒక్కసారిగా పోశాను. ముక్కులోంచి గులాబీ రంగు మందు బుడగలుగా వచ్చింది. రెండో రోజు రాత్రికి అది లేదు. మందు ఊపిరితిత్తుల్లోకి పోయిందని డాక్టరు చెప్పేవరకూ నాకు తెలియదు.

వెల్లకిలా ఎప్పుడూ పడుకోబెట్టొద్దు. తల వెనక్కి వంచొద్దు. ముక్కు బిగిసి ఉన్నప్పుడు మందు పోయొద్దు, ఎందుకంటే ఊపిరి కోసం తన్నుకుంటూ మింగాల్సి వస్తే మందు ఊపిరి దారిలోకే పోతుంది. అందుకే ఐదో మెట్టు అయ్యాకే ఆరోది.

మంచం మీద, బల్ల మీద వద్దు. నేలమీద చాప పరిచే చేయాలి. పైనుంచి దూకితేనో, పట్టు జారి వెనక కాళ్లతో బలంగా తన్నుకుంటేనో కుందేలు వెన్నెముక విరగవచ్చు. మీరు మోకాళ్ల మీద కూర్చుని, కుందేలుని మీ రెండు మోకాళ్ల మధ్య, మీరు చూసే వైపే మొహం ఉండేలా పెట్టుకోండి. లుంగీ ముక్కను మెడ చుట్టూ తెచ్చి ముందు కాళ్లు లోపలికి పోయేలా చుట్టండి. ఛాతీ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి, ఊపిరాడని జీవిని బిగించి కట్టకూడదు.

ఎడమ చెయ్యి గడ్డం కింద ఊరికే ఆనించండి. తల నేలకు సమంగా, అది మామూలుగా గడ్డి మేసేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉండాలి. ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య ఖాళీ ఉంటుంది. పై పెదవిని బొటనవేలితో కొంచెం ఎత్తితే తెలుస్తుంది. సిరంజి కొనని పక్కనుంచి ఆ సందులోకి పెట్టి, అవతలి చెంప వైపు చూసేలా తిప్పండి. గొంతు వైపు నేరుగా గురిపెట్టొద్దు.

ఇప్పుడు 0.2 మి.లీ. మాత్రమే నొక్కండి. సిరంజి మీద 0.1 మి.లీ. గీతలు రెండు కలిపితే అంత. తర్వాత ఆగండి. దవడ ఆడటం కనిపిస్తుంది, టకటకా నమిలినట్టు. అది ఆగి, మళ్లీ ముక్కు అదరడం మొదలయ్యాక ఇంకో 0.2. ఈ మధ్యలో సిరంజి బయటికి తీసేయండి. 1 మి.లీ. మందుకి నాకు మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. నిమిషంలో అయిపోయిందని ఎవరైనా చెబితే నాకు భయం వేస్తుంది.

దవడ ఆడకపోతే మందు నోట్లోనే నిలిచినట్టు, ఇంక పోయొద్దు. ముక్కులో బుడగలు వచ్చినా, దగ్గు లాంటి శబ్దం చేసినా వెంటనే వదిలేసి, తల కొంచెం కిందికి వంగి ఉండేలా నాలుగు కాళ్ల మీద నేలమీద నిలబెట్టి డాక్టరుకి ఫోన్ చేయండి. ఆపై రెండు రోజులు ఊపిరి లెక్క మరింత జాగ్రత్తగా చూడాలి.

ఇంత శ్రమ ఎందుకు, నీళ్ల గిన్నెలో కలిపేస్తే సరిపోదా అంటారు. సరిపోదు. మందు చేదుగా ఉంటే అసలు నీళ్లే మానేస్తుంది, తాగినా ఎంత లోపలికి పోయిందో తెలియదు. పెల్లెట్ల (షాపులో కొనే గుళికల మేత) మీద చల్లినా అంతే. చేదు మరీ ఎక్కువగా ఉంటే సిరంజి కొనకి అరటిపండు గుజ్జు కొద్దిగా రాయండి, నాకుతూనే నోరు ఇస్తుంది.

7. మేత ఆగనివ్వకండి

ముక్కు బిగిస్తే వాసన తెలియదు, వాసన తెలియకపోతే కుందేలు తినదు, తినకపోతే పేగు ఆగిపోతుంది. తాజా గరిక కడిగి, తడిగానే పెట్టండి. కొత్తిమీర, పుదీనా చేత్తో నలిపి ముక్కు దగ్గర పెడితే తిండి మానేసినవి కూడా చాలాసార్లు నోరు కదుపుతాయి. నీళ్లు వెడల్పాటి మట్టి మూకుడులో పెట్టండి, బాటిల్ గొట్టం నుంచి పీల్చడం ఈ సమయంలో కష్టం. మంచి బ్యాక్టీరియా కోసమని పెరుగు పెట్టొద్దు, దాని పేగుకి కావాల్సింది గడ్డి. అసలు ముట్టకపోతే పెల్లెట్లు నానబెట్టి జావలా చేసి పట్టొచ్చా అని డాక్టరుని అడగండి. పట్టమంటే ఆరో మెట్టులో చెప్పినట్టే పట్టాలి.

ప్రతి ఉదయం ఒకే వేళకి బరువు తూచి, పెంటికల సైజు చూసి రాసుకోండి. పెంటికలు చిన్నవవుతుంటే తిండి తగ్గిందని దానర్థం.

8. కోర్సు పూర్తి చేయండి

కొన్ని రోజులకే ముక్కు ఆరిపోవచ్చు, అప్పుడే చాలామంది ఆపేస్తారు. మందు కనీసం రెండు వారాలు, తరచూ ఇంకా ఎక్కువే వాడాల్సి ఉంటుంది. ముక్కు లోపలి గదుల్లో మిగిలిన బ్యాక్టీరియా నెల తిరక్కుండా మళ్లీ లేస్తుంది. ఎంత బాగా వైద్యం చేసినా కొన్నిటికి పూర్తిగా పోదు, ఎండాకాలంలోనో ప్రయాణంలోనో తిరగబెడుతుంది. ఒకే కంటి నుంచి నీరు కారుతూ ఉంటే పై దవడ పళ్ల వేర్లు చూడమని, తల పక్కకి వాలితే చెవి లోపల చూడమని డాక్టరుతో చెప్పండి.

చివరి డోసు అయ్యాక కూడా వారం పాటు ముందు కాళ్ల లోపలి బొచ్చు తడుముతూ ఉండండి. అది మెత్తగా, పొడిగా ఉండి, ఊపిరి లెక్క మామూలుగా ఉంటే డాక్టరుని ఒకసారి అడిగి మిగతా కుందేళ్లతో కలపండి. ముందుగా గిన్నెలు, బోను వేడినీళ్లతో కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టండి.